పళ్ళు రాని టైర్లు

ఉదయగిరిలో ఆ రోజుల్లో మోటారంటే రెండే. ఒకటి ఆత్మకూరు మీదుగా వచ్చే బస్సు, రెండోది మాలకొండారెడ్డి జీపు. బస్సుకు వేళాపాళా లేదు, జీపుకు పైన కప్పు లేదు. అయినా రెండింటికీ ఊళ్ళో మర్యాద తక్కువ కాలేదు.

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు అక్కర్లేని సామానంతా మద్రాసులో వేలం వేస్తున్నారని ఎవరో చెబితే, బావికి ఆయిల్ ఇంజను కొనుక్కొస్తానని బయలుదేరిన రెడ్డి జీపు కొనుక్కొచ్చాడు. ఇంజను కోసం ఎదురుచూస్తున్న ఆయన భార్య పిచ్చమ్మ, వాకిట్లో నిలబడ్డ ఆ పచ్చరంగు బండిని ఎగాదిగా చూసి, దీంతో నీళ్ళు ఎట్లా తోడతారని అడిగింది. రెడ్డి అది వినబడనట్టే స్నానానికి నీళ్ళు పెట్టమని లోపలికి పోయాడు.

తర్వాత ఆ జీపంటే పిచ్చమ్మకే ప్రాణమైంది. కలిగిరిలో చుట్టాల పెళ్ళయినా, దుత్తలూరు పక్కన తిరునాళ్ళయినా ఇంటిల్లిపాదీ అందులోనే. ఇరుక్కుని కూర్చుంటే పదిమంది పట్టేవాళ్ళు. ఇరుక్కోకుండా ఎంతమంది పడతారో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

అలాంటి జీపు వాకిట్లో ఉండి కూడా పిచ్చమ్మ తన కూతురి ముఖం చూడలేకపోయింది. దానికి కారణం రెండంటే రెండు మాటలు.

కూతురు దేవకమ్మను సీతారామపురం దోవలో కాస్త లోపలికి ఉన్న చింతలగుంటకు ఇచ్చారు. అల్లుడు మల్లికార్జున మంచివాడే, కాకపోతే నోరు ఊరుకోదు. మొదటి ఎలక్షన్లలో రెడ్డి తన పార్టీ తరఫున చింతలగుంటకు పోయి, మేము గెలిస్తే మీ ఊరికి బస్సు వేయిస్తానని చేతులూపుతూ చెప్పాడు. జనం చప్పట్లు కొట్టబోయేంతలో వెనకనించి అల్లుడు లేచి, "ఎప్పుడు మామా?" అన్నాడు.

అంతే, ఊరు ఊరంతా నవ్వింది. నవ్విన ఊరు నవ్వుతూనే పోయి అవతలి పార్టీకి ఓటేసింది. రెడ్డి పార్టీ గెలవడం గెలిచింది గానీ, ఆయన చెవుల్లో ఆ నవ్వు మాత్రం ఆగలేదు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఊరి దోవ తన జీపు చక్రం తొక్కదు, తన ఇంటి మనిషి ఆ గడప ఎక్కదు. మగవాళ్ళు సునాయాసంగా ఒట్టు పెట్టుకుంటారు, దాన్ని మోసేది ఆడవాళ్ళు.

అప్పటికి దేవకమ్మ కడుపుతో ఉంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలనేది లోకమంతా ఎరిగిన సంగతి. ఆ కాన్పు అత్తగారింట్లో జరిగింది. ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చిన రోజు పిచ్చమ్మ పొయ్యి ముందు కూర్చుని, పొగ నెపం పెట్టి ఏడ్చింది. తర్వాత కబుర్లు వస్తూనే ఉన్నాయి. పిల్ల బోర్లా పడిందట, పాకుతోందట, గోడ పట్టుకుని నిలబడుతోందట. అన్నీ అటలే. మనవరాలి ముక్కు ఎవరి ముక్కో కూడా ఆమెకు తెలియదు.

చాటుగా పోయి రావచ్చు గదా అంటే, పోయింది. రెడ్డి మధ్యాహ్నం సంగటి తిని పడుకున్నాడంటే పొద్దు వాలేదాకా లేవడు. ఒకనాడు ఆయన గురక అందుకోగానే పిచ్చమ్మ డ్రైవరు వెంగయ్యను పిలిచింది. చప్పుడు కాకుండా వెంగయ్య జీపును వీధి పల్లానికి తోసి, దూరం పోయాక స్టార్టు చేశాడు. సగం దోవలో తుమ్మముల్లు దిగి టైరు పంచరయింది. దాన్ని బాగుచేసుకునేసరికి రెడ్డి లేచేవేళ అయింది. పిల్లను చూడకుండానే వెనక్కి తిరిగారు.

జీపు అటు పోవడం ఊళ్ళో చాలామంది చూశారు. ఒక్కరూ నోరు మెదపలేదు, అందరూ పిచ్చమ్మ పక్షమే. అయితే మనుషుల నోళ్ళు మూయించవచ్చు గానీ నేల నోరు మూయించలేం. మర్నాడు తెల్లవారి చెంబు పట్టుకుని సీతారామపురం దోవ మొగదలకు పోయిన రెడ్డి అక్కడే నిలబడిపోయాడు.

జాడలు తీయడంలో ఆయనది అందె వేసిన చేయి. వయసులో ఉన్నప్పుడు దొంగలు తోలుకుపోయిన ఎద్దుల గిట్టల జాడ పట్టుకుని కొండలు దాటి పోయి, దొంగల్ని నిద్రలేపి మరీ ఎద్దుల్ని తెచ్చుకున్న మనిషి. ఆయనకు జీపు జాడ ఒక లెక్కా. మిలిటరీ టైర్లు గళ్ళ టైర్లు, నేలమీద వరసగా గుంటలు దిగుతాయి. తాలూకాలో అలాంటి జాడ ఇంకోటి లేదు. ఇంటికొచ్చి ఆయన తిట్టలేదు, కొట్టలేదు. ఇంకోసారి ఆ దోవన జాడ కనబడితే జీపు నెల్లూరులో అమ్మేస్తానని గోడతో చెప్పి, ఆ పూటకు అన్నం మానేశాడు. తిడితే పిచ్చమ్మ కూడా నాలుగు అనేది. అన్నం మానేసిన మనిషితో ఏమని పోట్లాడుతుంది.

ఆ రోజు నుంచి తెల్లవారి చెంబు పట్టుకుని అటే పోవడం రెడ్డికి అలవాటయింది. పిచ్చమ్మకు మాత్రం ఒక సంగతి తేటగా అర్థమైంది. తనకు అడ్డం మొగుడు కాదు, టైరు.

ఆ టైర్లు ఎట్లాగూ ఎక్కువ కాలం నిలిచేట్టు లేవు. యుద్ధంలో ఏ దేశాలు తొక్కి వచ్చాయో గానీ, ఉదయగిరి ముళ్ళ ముందు వాటి పౌరుషం చాల్లేదు. అతుకు మీద అతుకు పడి, చివరికి కలిగిరి నుంచి వస్తుండగా ఒకటి ఢామ్మని పేలింది. గొర్రెలు చెదిరిపోయాయి, గొర్రెల వాళ్ళు తిట్టారు. ఇక కొత్త టైర్లు కొనక తప్పదన్నాడు రెడ్డి.

పిచ్చమ్మ ఆ మాట పట్టుకుంది. వీధిలో పోయే బస్సు జాడను ఆమె అప్పటికే చూసిపెట్టుకుంది. బస్సుది గీతల టైరు, దువ్వెనతో దువ్వినట్టు నిలువునా గీతలు పడతాయి. ఆ బస్సే అప్పుడప్పుడూ, దానికి బుద్ధి పుట్టినప్పుడు, సీతారామపురం దాకా పోయి వస్తుంది. జీపుకు కూడా గీతల టైర్లు పడ్డాయంటే దోవ మొగదల రెడ్డికి కనబడేది బస్సు జాడే.

ఆత్మకూరుకు తానూ వస్తానంది. ఎందుకన్నాడు రెడ్డి. గాజులు వేయించుకోవాలంది. గాజులమ్మి వీధిలోకే వస్తుంది గదా అన్నాడు. ఆత్మకూరు గాజుల మోత వేరంది. ఆడవాళ్ళ గాజుల సంగతిలో తలదూర్చడం తనకు చిన్నతనమని రెడ్డి ఊరుకున్నాడు.

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఓబులయ్య షాపు. ముందర సైకిలు సామాను, వెనక మోటారు టైర్లు. ఓబులయ్య రెండు రకాలూ తెచ్చి ఎదురుగా పెట్టాడు, గళ్ళవి ఒక పక్క, గీతలవి ఒక పక్క. రాళ్ళ దోవలకూ బురదకూ గళ్ళవే మంచివనీ, గీతలవి తారు రోడ్డు మీద సుఖంగా పోతాయి గానీ వానొస్తే జారతాయనీ ఉన్నమాట ఉన్నట్టు చెప్పాడు.

రెడ్డి ఆ మాటలు చెవిన వేసుకోలేదు. సరుకు సంగతి అమ్మేవాణ్ణి అడగకూడదని ఆయన సిద్ధాంతం. పైగా ఆయన జన్మలో బేరమాడి కొన్న గొప్ప సరుకంతా నాలుగు కాళ్ళదే. అందుకని టైర్లను కూడా ఎద్దుల్ని చూసినట్టే చూశాడు. ముందు దూరంగా నిలబడి చూశాడు. తర్వాత చుట్టూ తిరిగాడు. పక్కమీద చేత్తో చరిచాడు. వెంగయ్యను పిలిచి ఒక్కోదాన్ని బజార్లో నడిపించి చూపించమన్నాడు. వెంగయ్య టైరు దొర్లించుకుంటూ పోతుంటే వెనకనుంచి నడక చూశాడు, దొర్లించుకుంటూ వస్తుంటే ముందునుంచి చూశాడు. ఒకటి కాస్త ఎడమకు లాగుతోందనీ, దాన్ని ఎడమ పక్కకే కట్టాలనీ తేల్చాడు. సుడులేమైనా ఉన్నాయేమోనని వెతికాడు. కంపెనీవాళ్ళు పక్కన పెట్టిన ఎర్రచుక్క కనబడితే, బొట్టు మంచిచోటే పడిందన్నాడు.

టీ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఓబులయ్య మొదట్లో బిత్తరపోయాడు గానీ వ్యాపారస్తుడు, త్వరగానే తేరుకున్నాడు. ఇది చాలా సాధువయ్యా అని ఒకదాని వీపు నిమిరాడు.

చివరికి రెడ్డి గళ్ళ టైరు ముందు గొంతుక్కూర్చుని, గళ్ళ సందుల్లో వేళ్ళుపెట్టి తడిమాడు. ఆయన ముఖం విప్పారింది.

"పళ్ళు చూడు ఎట్టా ఉండాయో," అన్నాడు. "ఒక్కటన్నా కదల్లేదు."

పిచ్చమ్మ ఆయన చేతుల వంక చూసింది. రెడ్డి అప్పుడే భుజం మీది తువ్వాల దించుతున్నాడు. సంతలో ఎద్దుల బేరం తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని చేస్తారు, ధర నలుగురికీ తెలియకుండా. తువ్వాల కిందికి చేతులు పోయాయంటే ఇక గళ్ళ టైర్లే ఇంటికొస్తాయి. అవి ఇంటికొస్తే మనవరాలు పెళ్ళీడుకొచ్చేదాకా అన్నీ అటలే. అట్లాగని అడ్డం పోతే ఆయన పట్టిన పట్టు వదిలే రకం కాదు. ఆయన దోవనే పోయి ఆయన్ని మళ్ళించాలి.

"నిజమే," అంది పిచ్చమ్మ ముందుకొచ్చి. "పళ్ళన్నీ వచ్చేసినాయి."

రెడ్డి చేతిలో తువ్వాల ఆగింది.

"పళ్ళన్నీ వచ్చేసిన ఎద్దును మీరెన్నడన్నా కొన్నారా?"

పశువు వయసు దాని నోట్లో ఉంటుంది. కోడెకు ఒక జత తర్వాత ఒక జత పళ్ళు వస్తాయి. అన్నీ వచ్చేశాయంటే దాని పరుగు వయసు వెనకబడినట్టే. ఆ తాలూకాలో ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు. రెడ్డి గళ్ళ టైరు వంక కొత్త కళ్ళతో చూశాడు. ఇంతలో పిచ్చమ్మ గీతల టైరు మీద చెయ్యి వేసి ప్రేమగా నిమిరింది.

"దీనికింకా పళ్ళే రాలేదు. లేతది. మన చేతికింద పెరుగుతుంది."

ఓబులయ్య నోరు తెరిచాడు. పిచ్చమ్మ చూసిన చూపుకు మళ్ళీ మూశాడు. అయినా మనసొప్పక, వానకు జారుతుందమ్మా అని గొణిగాడు. మా పక్క వాన ఎప్పుడు పడిందయ్యా ఓబులయ్యా అని అడిగింది పిచ్చమ్మ. చుట్టూ మూగినవాళ్ళు, ఆ మాటా నిజమేనని తలలూపారు.

రెడ్డి లేచి పంచె దులుపుకున్నాడు. "నేనూ అదే చూస్తా ఉండా," అన్నాడు. కాపురానికి వచ్చినప్పటి నుంచి పిచ్చమ్మ చెప్పిన ప్రతి మంచిమాటకూ ఆయన ఇచ్చిన రసీదు అదే.

తువ్వాల కింద బేరం తెగింది. పాతవాటిల్లో కాస్త గట్టిగా ఉన్నదాన్ని స్టెప్నీకి ఉంచుకుందామని వెంగయ్య అంటే, ముసలి ఎద్దును లేగతో కాడికి కడతారా అని పిచ్చమ్మ అడ్డం పడింది. స్టెప్నీ కూడా గీతలదే తీసుకున్నారు. పాతవన్నీ చెప్పులు కుట్టేవాళ్ళకు పోయాయి. తిరిగొచ్చే దోవలో రెడ్డి ఆమె చేతుల వంక చూసి గాజులేవని అడిగాడు. మోత నచ్చలేదంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, గురక బాగా ముదిరాక, జీపు మళ్ళీ పల్లానికి జారింది. ఈసారి ముళ్ళు కరుణించాయి. చింతలగుంట పక్కగా పోయి, చెరువు కట్ట వెంబడి కూతవేటు దూరం పోతే మల్లికార్జున తోట, తోటలోనే ఇల్లు. జీపు తోటలోకే పోయి ఆగింది. పిల్ల గడప పట్టుకుని నిలబడి ఉంది. అవ్వను చూసి బెదరలేదు. దగ్గరికి రానిచ్చి, ముక్కుపుడక పట్టుకుని గట్టిగా లాగింది. పిచ్చమ్మకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి, నొప్పికి కొంత, మిగతాది సంతోషానికి. ఇంత సంతోషం ఒంటికి మంచిది కాదేమోనని భయపడేంత సంతోషం వేసింది. మల్లికార్జున తలవంచుకుని వచ్చి, మామ ఎట్లా ఉన్నాడని అడిగాడు. నిద్రపోతున్నాడంది పిచ్చమ్మ.

మర్నాడు తెల్లవారి ఆమె గుమ్మంలోనే నిలబడింది. రెడ్డి చెంబు ఊపుకుంటూ తిరిగొచ్చాడు. ముఖం ప్రసన్నంగా ఉంది.

"నిన్న బస్సు సీతారామపురం పోయినట్టుండాదే," అన్నాడు.

పోయుండొచ్చు అంది పిచ్చమ్మ. తమవాళ్ళు గెలిచాక పనులు చకచకా జరుగుతున్నాయని రెడ్డి మెచ్చుకున్నాడు. తన జీపుకూ ఇప్పుడు గీతల టైర్లేనన్న సంగతి ఆ గొప్పలో ఆయనకు తట్టనే లేదు. తర్వాత కొన్ని నెలలపాటు ఆ దోవన బస్సు జాడలు మరీ ఎక్కువయ్యాయి. గవర్నమెంటు ఇంత బాగా పనిచేస్తుందని తాను కూడా అనుకోలేదని రెడ్డి అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పేవాడు. వినేవాళ్ళు తలకాయలు వంచుకుని వినేవాళ్ళు. ఆ బస్సు ఏ రోజు బయలుదేరేదీ రెడ్డి గురకను బట్టి ఉంటుందని ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

ఇంత ఆలోచించిన పిచ్చమ్మ ఒక్క సంగతి ఆలోచించలేదు. జాడలు చదివేవాళ్ళు చింతలగుంటలో కూడా ఉంటారు.

సీతాఫలాలు ముదిరే రోజుల్లో ఒక ఉదయం చింతలగుంట నుంచి మనుషులు గుంపుగా వచ్చి రెడ్డి వాకిట్లో నిలబడ్డారు. చేతుల్లో బంతిపూల దండ, గంపనిండా సీతాఫలాలు. అందరి ముందూ చెంచమ్మ, చింతపండు సంతకు మోసి మోసి మెడ గట్టిపడిన ముసలామె. మొహమాటం ఎరగని మనిషని ఆమెనే ముందుకు తోశారు.

"అయ్యా, మేము నీకు ఓటెయ్యలేదు," అంది చెంచమ్మ. "వేసినామని అబద్ధం చెప్పం. అయినా నువ్వు మా ఊరికి బస్సేసినావు. మా సిగ్గు తీసినావు."

తలుపు చాటున ఉన్న పిచ్చమ్మ చెవి తలుపుకు ఆనించింది.

చెంచమ్మ సంగతంతా చెప్పుకొచ్చింది. మధ్యాహ్నం పూట అందరూ చేలల్లో ఉన్నప్పుడు బస్సు మోత వినిపిస్తుందట. పరిగెత్తుకొచ్చేసరికి దుమ్ము తప్ప ఏమీ ఉండదట. నేలమీద మాత్రం గీతలు స్పష్టంగా ఉంటాయట. జాడ కాస్త సన్నంగా ఉంది, బస్సు కాదేమోనని కొందరు అనుమానపడ్డారట. కొత్తగా వేసింది గదా, ముందు పిల్ల బస్సు వేసి, గిరాకీ చూసి పెద్దది వేస్తారని తెలిసినవాళ్ళు చెప్పారట. రెడ్డిగారి జీపైతే కాదు, దానివి గళ్ళు, పైగా ఒట్టు కూడా ఉంది. మూటలు కట్టుకుని కట్టమీద కూర్చున్న రోజు బస్సు రాదట, విసుగొచ్చి ఇంటికి పోయిన రోజు వచ్చి పోతుందట. దాన్ని కాస్త నిలిపితే చాలు, ఇంకేమీ అడగం అన్నారు.

రెడ్డి కనుబొమ్మలు పైకి లేచాయి. బస్సు వేయించిన సంగతి ఆయనకే తెలియదు. కానీ అప్పటికే దండ మెడలో పడింది. మెడలో దండ పడ్డాక, ఆ పని నేను చేయలేదని చెప్పిన మగవాణ్ణి పిచ్చమ్మ ఇంతవరకూ చూడలేదు.

"చెప్పినాను గదా," అన్నాడు రెడ్డి. "మాటంటే మాట."

తానే స్వయంగా వచ్చి బస్సు ఎక్కడ ఆగాలో చూపిస్తానన్నాడు. ఆ మాట విని అరుగు మీద ఎవరో దగ్గారు. రెడ్డికి ఒట్టు గుర్తొచ్చింది. అయినా తడుముకోలేదు. తాను పోయేది ఊరికి కాదు, బస్సు దగ్గరికి అన్నాడు. పిచ్చమ్మ తలనొప్పన్నది, జీపుకు పెట్రోలు లేదన్నది, ఆ రోజు మంచిది కాదన్నది. కొత్త బస్సుకు ముత్తయిదువ కొబ్బరికాయ కొట్టాలి, నువ్వూ రావాలన్నాడు రెడ్డి.

ఆ ప్రయాణం పిచ్చమ్మకు జన్మలో మరుపురాదు. రెడ్డి ముందు కూర్చుని నేలమీది గీతల్నే చూస్తూ, ఎంత తేటగా ఉందో జాడ అని మురిసిపోతున్నాడు. వెంగయ్య మెడ వెనక చెమట కారుతోంది. వెనక కూర్చున్న పిచ్చమ్మ కొబ్బరికాయను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, ఇవాళ్టితో జీపు నెల్లూరు పోతుంది, పిల్ల మళ్ళీ కనబడదు అనుకుంది. పిల్లకు అప్పుడప్పుడే 'అవ్వ' అనడం పట్టుబడుతోంది. అది తలుచుకుంటే ఆమెకు ఏడుపు ఆగలేదు. దుమ్ము పడిందని కళ్ళు తుడుచుకుంది.

చింతలగుంట జనం మూటలతో, కోళ్ళతో, చింతపండు తట్టలతో కట్టమీద సిద్ధంగా ఉన్నారు. రెడ్డి అక్కడ ఆగనివ్వలేదు. జాడ ఎక్కడిదాకా పోయిందో చూడాల్సిందే అన్నాడు. జనం వెంటబడి నడిచారు. కట్ట చివర ఆయన దిగి, వంగి, జాడ పట్టుకుని పోయాడు, జీపు మెల్లగా ఆయన వెనకే వచ్చింది. గీతలు తోట కంచె దాటాయి. చింతచెట్టు చుట్టూ తిరిగాయి. గడప ముందు ఆగాయి.

రెడ్డి తలెత్తాడు. కంచె దగ్గర అల్లుడు నిలబడి ఉన్నాడు.

రెడ్డి మళ్ళీ తల దించుకుని నేల చూశాడు. పాత గీతల పక్కనే కొత్త గీతలు, ఇప్పుడే పడ్డవి. కొత్త గీతల వెంబడి ఆయన చూపు మెల్లగా వెనక్కి పోయి, తన జీపు టైరు దగ్గర ఆగింది. ఆ తర్వాత పిచ్చమ్మ ముఖం మీద ఆగింది. ఆమె తప్పు ఒప్పుకున్నట్టు తలవంచుకోలేదు, అంత అబద్ధం ఆమెకు చేతకాదు. చూడాలనిపించింది, చూశాను అన్నట్టు కళ్ళల్లోకి చూసింది. ఆయన మెడ ఎర్రబడింది.

ఇంతలో జనం వచ్చి చుట్టుకున్నారు. "బస్సు యాడయ్యా?" అంది చెంచమ్మ.

ఇప్పుడు రెడ్డి నిజం చెప్పాలి. బస్సు లేదు, ఇది నా పెళ్ళాం నా కళ్ళుగప్పి నడిపిన జీపు అనాలి. మెడలో దండ వేయించుకున్న నోటితో అనాలి. ఎప్పుడు మామా అన్నవాడు ఎదురుగా ఉండగా అనాలి. రెడ్డి గొంతు సవరించుకున్నాడు. మల్లికార్జున కూడా గొంతు సవరించుకున్నాడు గానీ, ఈసారి నోరు ఊరుకుంది.

"ఇదే," అన్నాడు రెడ్డి జీపు మీద చరిచి. "పెద్దది వచ్చిందాకా ఇదే బస్సు."

జనానికి అది చాలు. పిల్ల బస్సని చెప్పినవాళ్ళు, చూశారా మేము చెప్పలేదా అన్నారు. మూటలు ఎక్కాయి, కోళ్ళు ఎక్కాయి, చెంచమ్మ తట్టతో సహా ఎక్కి పిచ్చమ్మ ఒడిలో సగం కూర్చుంది. కొబ్బరికాయ ఎవరు కొట్టారో కూడా తెలియలేదు. సీట్ల కోసం అప్పుడే పోట్లాట మొదలైంది. రెడ్డి, ఆ ఇంటి వైపు చూడకుండా పోయి, ముందు సీట్లో బిగదీసుకుని కూర్చున్నాడు.

అప్పుడు ఇంట్లోంచి దేవకమ్మ బయటికొచ్చింది. చంకలో పిల్ల, చేతిలో చిన్న మూట. వచ్చి అందరిలాగే జీపు పక్కన నిలబడింది.

"ఉదయగిరికి పోవాల," అంది. "చోటుండాదా నాయనా?"

రెడ్డి ముందుకే చూస్తున్నాడు. ఇంటి ఆడపడుచును రావద్దని అనవచ్చు. బస్సు ఎక్కేవాళ్ళను రావద్దనేదెట్లా. వెనకనుంచి చెంచమ్మ, ముందు రెడ్డి పక్కన బెత్తెడు ఉంది గదా, ఎక్కు తల్లీ అంది. జీపు మెట్టు ఎత్తు. రెండు చేతులూ ఉంటే గాని ఎక్కలేరు. దేవకమ్మ ఒక్క క్షణం ఆగి, బస్సుల్లో ఎవరైనా చేసేట్టే, పిల్లను ముందున్న మనిషి చేతికి అందించింది. ముందున్న మనిషి, ఎవరైనా అందుకున్నట్టే, అందుకున్నాడు.

పిల్ల ఆయన మీసం చూసింది. మెడలో దండ చూసింది. దండే బాగుందని తేల్చుకుని, ఒక బంతిపువ్వు పీకి నోట్లో పెట్టుకుంది. రెడ్డి ఆ పువ్వు మెల్లగా తీసి పారేశాడు. పిల్ల ఇంకోటి పీకింది. అదీ తీశాడు. వెనక పిచ్చమ్మ ఆ రెండు తలల్నీ చూస్తోంది. పెద్ద తల కొంచెం కొంచెంగా కిందికి వంగుతోంది.

"పేరేం పెట్టినావమ్మా?" అంది చెంచమ్మ.

"పెట్టే పెద్దాయన రాలేదు గదా అవ్వా," అంది దేవకమ్మ. "పాప అనే పిలుస్తా ఉండాం."

వెంగయ్య జీపు స్టార్టు చేశాడు. బండి కట్టమీదికి వచ్చింది. అప్పుడు రెడ్డి, ఎవరితోనో చెబుతున్నట్టు గాక, పిల్లతోనే అన్నాడు.

"ఆదిశేషమ్మ."

అది చనిపోయిన ఆయన తల్లి పేరు. తల్లి పేరు పెట్టుకున్న పిల్లను ఆ ఇళ్ళల్లో ఎవరూ పేరుతో పిలవరు, ఏమే అనరు. పిచ్చమ్మ దోసిట్లో ముఖం దాచుకుంది. ఆమె గొంతులోంచి వచ్చిన చప్పుడు కోళ్ళ గోలలో కలిసిపోయింది.

ముందు ఒక గుంట వచ్చింది. జీపు ఎగిరిపడింది. రెడ్డి పిల్లను రెండు చేతులతో గుండెకు అదుముకుని, వెంగయ్య మీద కేకవేశాడు.

"గుంటలు చూసి పోనీరా వెంగయ్యా. బండిలో అమ్మ ఉండాది."